93 రోజుల షికార్



పోయిన నవంబర్‌లో ఒకరోజు ఫజ్ర్ నమాజ్ ముగించుకుని మస్జిద్ నుంచి ఇంటికి వస్తుంటే ఫోన్ మోగింది. అమెరికాలోని మిషిగన్ నుంచి మా భాంజా. మనకు తెల్లవారి ఆరు గంటలు, వాడికి ముందురోజు రాత్రి ఏడున్నర. సలామ్ చెప్పి కాసేపు ఊరకున్నాడు. "మామూ, షికార్ మీద మనసు విరిగిపోయింది. కానీ మానలేకపోతున్నా" అన్నాడు.

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. షౌక్ కోసం చేసే పని గురించి ఉద్యోగం గురించి చెప్పినట్టు చెబుతున్నాడు. విరిగితే మానెయ్యొచ్చు కదా? మానలేకపోతే విరగడం ఏమిటి? ఆ రోజు వాడితో గంటసేపు మాట్లాడాను. తర్వాత చాలా రోజులు ఆలోచించాను. మన ఇళ్ళ పిల్లలు ఇప్పుడు అక్కడ చాలామందే ఉన్నారు. జింక మాంసం హలాల్‌గా తినాలన్న కోరికతో విల్లు పట్టినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఇది ఇంటి మాటగా వదిలెయ్యకుండా రాస్తున్నాను.

వాడు జింకల వేటకు పోతున్నాడని మొదటిసారి తెలిసినప్పుడు మా ఖాన్‌దాన్‌లో పెద్ద గలాటానే అయింది. తిరుపతిలో ఉండే మా చెల్లెలు, అంటే వాడి అమ్మ, ఏడుస్తూ ఫోన్ చేసింది: "భాయ్‌జాన్, వీడు జైలుకు పోతాడు." ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. మన చంద్రగిరి కోట వెనక కొండల్లో దుప్పిని కొడితే జైలే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1989లో ఈ శేషాచలం అడవుల్లో శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ ఏర్పడింది. ఇక్కడ షికార్ ఖతమ్. కావలసిందే కూడా. చుక్కల దుప్పులు, కణితులు, కొండగొర్రెలు ఇంకా మిగిలి ఉన్నాయంటే ఆ కానూన్ పుణ్యమే. అడవి పందనో దుప్పి అనో చాటుగా మాంసం అమ్మేవాడి దగ్గర కొనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళతో నాకు మాటలు లేవు.

మిషిగన్ సంగతి వేరు. అక్కడ తెల్లతోక జింకలు దాదాపు 20 లక్షలు. ఏటా 50 వేలకు పైగా కార్లు జింకలను గుద్దుతున్నాయి. వాటిని పట్టి తినే తోడేళ్ళు రాష్ట్రం ఉత్తర కొసలో తప్ప పెద్దగా లేవు. హుకూమతే లైసెన్సులిచ్చి వేటాడమంటుంది. వేటగాళ్ళ సంఖ్య తగ్గిపోతోందని అక్కడి అధికారులకు ఫికర్. ఇది చెప్పాక మా చెల్లెలు కాస్త చల్లబడింది. పూర్తిగా కాదు.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. తుపాకితో పోతే సీజన్ 16 రోజులే, నవంబర్ 15 నుంచి 30 దాకా. మావాడు విల్లు ఎందుకు పట్టాడు? రెండు కారణాలు చెప్పాడు. వీసా మీద ఉన్నవాళ్ళకు తుపాకి కానూన్ ఒక చిక్కు, విల్లుకు ఆ చిక్కు లేదు. అసలు కారణం దీన్‌కు సంబంధించింది. బిస్మిల్లా చెప్పి వదిలిన బాణం పదునుతో చీల్చి చంపితే ఆ జంతువు హలాల్ అని హదీసుల్లో స్పష్టంగా ఉంది. తుపాకి గుండు విషయంలో ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది. గుండు కోసి చంపదు, దెబ్బ బలంతో చంపుతుంది కాబట్టి ప్రాణం ఉండగానే జబహ్ చేస్తే తప్ప తినకూడదని మన హనఫీ పెద్దలు చాలామంది చెబుతారు. అనుమానం లేని దారి విల్లు అని వాడు అనుకున్నాడు. మాషా అల్లా, మంచి నియ్యతే. కానీ ఆ నియ్యత్ వాడిని 16 రోజుల సీజన్‌లోంచి 93 రోజుల సీజన్‌లో పడేసింది.

లెక్క చూడండి. అక్కడ విల్లుకు అక్టోబర్ 1 నుంచి నవంబర్ 14 దాకా ఇజాజత్. మధ్యలో తుపాకుల పదహారు రోజులు. అప్పుడు కూడా నారింజ రంగు బట్టలు వేసుకుని విల్లుతో పోవచ్చు. మళ్ళీ డిసెంబర్ 1 నుంచి జనవరి 1 దాకా. తుపాకి అయితే వంద గజాల నుంచి కూడా కొట్టొచ్చు. విల్లుకు జింక ఇరవై, ముప్పై గజాల లోపలికి రావాలి. చెట్టు మీద పదిహేను, ఇరవై అడుగుల ఎత్తులో చిన్న పీట కట్టుకుని కదలకుండా కూర్చోవాలి. గాలి వీపు వైపు నుంచి వీస్తే మన వాసన ముందుకు పోతుంది, ఆ రోజు జింక కనబడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకు వఖ్త్. చేతికి ఏమీ దొరకని రోజులే ఎక్కువ. విల్లు పట్టినవాడికి దొరికేది సబ్ర్, అంతే.

మావాడు అక్టోబర్‌లో 31 రోజులకు 22 రోజులు చెట్టెక్కాడు. తెల్లవారకముందు పోవడం, తొమ్మిదికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చోవడం, సాయంత్రం మళ్ళీ పోవడం. అక్టోబర్‌లో జింకలు ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతాయని, ఆకులు దండిగా ఉంటాయని, అసలు కదలిక నవంబర్ మొదటి పదిహేను రోజుల్లో పోతులు ఆడవాటి వెంట పడినప్పుడు వస్తుందని అక్కడి పాతవాళ్ళు అందరికీ తెలుసు. వీడికీ తెలుసు. అయినా పోయాడు. ఎందుకంటే వాట్సాప్‌లో వాళ్ళ షికారీ దోస్తులది ఒక గ్రూపు ఉంది. రోజూ ఎవడో ఒకడు కొమ్ములు పట్టుకుని ఫోటో పెడతాడు. "ఎవడు ఎక్కువ కూర్చుంటే వాడికే దొరుకుతుంది, ఒక్కరోజు కూడా వదలొద్దు" అని వాళ్ళ సలహా.

ఆ సలహా మీద నాకు గట్టి పేచీ ఉంది. ఎక్కువ కూర్చున్నవాడికి ఎక్కువ అవకాశం, నిజమే. కానీ అలసిన మనిషి అక్కడ కూర్చోవడం లేదు, అక్కడ పడి ఉన్నాడు. కదులుతాడు, ఫోన్ తీస్తాడు, గాలి ఎటు ఉందో చూడడు. అన్నిటికన్నా ముఖ్యం, తొందరపడతాడు. మావాడి మనసు విరిగింది అందుకే అని ఫోన్‌లో చాలాసేపటి తర్వాత బయటపడింది. అక్టోబర్ చివర్లో ఒక మగ్రిబ్ వేళ, మసక చీకట్లో, జింక ఇంకా సరిగ్గా తిరగకముందే బాణం వదిలాడు. తగిలింది. ఎక్కడ తగిలిందో తెలియలేదు. రక్తపు చుక్కలు పట్టుకుని టార్చ్‌లైటుతో రాత్రి పదకొండు దాకా వెతికాడు. ఒక వాగు దగ్గర జాడ పోయింది. మర్నాడు సెలవు పెట్టి మళ్ళీ వెతికాడు. దొరకలేదు.

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ రజియల్లాహు అన్హు షికార్ గురించి రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్‌ను అడిగిన ప్రశ్నలు బుఖారీలో ఉన్నాయి. ఒకటి రెండు రోజుల తర్వాత దొరికినా, నీ బాణం గుర్తు తప్ప వేరే గాయం లేకపోతే తినొచ్చు. నీళ్ళల్లో పడి ఉంటే మాత్రం తినకూడదు అని జవాబు. పధ్నాలుగు వందల ఏళ్ళ కింద కూడా బాణం తగిలిన జంతువు తప్పిపోవడం ఉందన్నమాట. వెతికినందుకు వాడిని తప్పు పట్టను. తొందరపడినందుకు పడతాను. తినడానికి కాకుండా, ఊరికే ఒక జీవికి తక్లీఫ్ ఇచ్చి వదిలేసినట్టయింది. ఆ రాత్రి మగ్రిబ్ కూడా కజా అయిందని వాడే చెప్పాడు. బాణం తగిలాక అరగంట ఆగాలని, వెంటనే తరిమితే జింక ఇంకా దూరం పోతుందని అక్కడి షికారీలు అంటారట. ఆ ఆగడం ఎంతవరకు జాయిజ్ అన్నది అక్కడి ఆలిమ్‌ని అడగమన్నాను, నేను ముఫ్తీని కాను. కానీ ఆ అరగంట చెట్టు మీద ఫోన్ చూస్తూ గడిపానని ఒప్పుకున్నాడు. మగ్రిబ్‌కు వఖ్త్ లేక కాదు, ధ్యాస లేక పోయింది.

షికార్ వెంట పడినవాడు ఘాఫిల్ అవుతాడని ఒక హదీస్ అబూ దావూద్, తిర్మిజీల్లో ఉంది. ఇది చూపించి షికారే వద్దనేవాళ్ళు ఉన్నారు. మా చెల్లెలికి ఎవరో చెప్పారు కూడా. అది నేను ఒప్పుకోను. షికార్ హలాల్ అని సూరహ్ మాయిదాలోనే ఉంది. అదే సూరహ్‌లో, ఇహ్రామ్‌లో ఉన్నవాళ్ళకు వేట జంతువు చేతికి, ఈటెకు అందేంత దగ్గరికి వచ్చి ఇమ్తిహాన్ అవుతుందని కూడా ఉంది. షికార్ తప్పు కాదు. వెంట పడటం, దాని వెనకాల మనిషి తప్పిపోవడం, అక్కడ ఉంది ఘఫ్లత్. మావాడు జింకను పోగొట్టుకున్న రోజు ఎవరు ఎవరిని వేటాడుతున్నారో నాకైతే అర్థం కాలేదు.

ఇంకా రెండు సంగతులు ఉన్నాయి. నవంబర్ రెండో వారంలో శనివారం నాడు వాడి కూతురికి బిస్మిల్లా ఖానీ. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు మన దక్కన్‌లో చేసే రివాజ్, మీకు తెలిసిందే. అస్ర్ తర్వాత పెట్టుకున్నారు. "రెండింటికల్లా వచ్చేస్తా" అని తెల్లవారే పోయినవాడు ఇషా అయ్యాక వచ్చాడు. పాప పలక మీద అలిఫ్ రాసేసి, మిఠాయి తినేసి, కొత్త బట్టలతోనే సోఫాలో నిద్రపోయింది. బహూ ఒక్క మాట కూడా అనలేదట. ఆ అనకపోవడమే నాకు భయం వేసింది. తర్వాత రెండు రోజులకు చెట్టు మీద కునుకు పట్టి ముందుకు జారాడు. నడుముకు, భుజాలకు కట్టుకున్న పట్టీ పట్టుకుంది కాబట్టి ఈ రోజు నేను ఈ మాటలు మామూలుగా రాస్తున్నాను. ఆ మర్నాడే నాకు ఫోన్ చేశాడు.

మా దాదా షికారీ. ఇది 1972కు ముందు మాట. భాకరాపేట, రంగంపేట వైపు చామల లోయ అడవుల్లోకి సింగిల్ బ్యారెల్ తుపాకితో పోయేవాడు. ఆ లోయ సామాన్యమైనది కాదు. బెంగళూరు షికారీ కెన్నెత్ ఆండర్సన్ 1954లో వచ్చిన తన మొదటి పుస్తకంలో అక్కడి పెద్దపులి మీద ఒక కథే రాశాడు. దాదా పులుల జోలికి పోలేదు, దుప్పి కోసమే పోయేవాడు. గుండు తగలగానే తుపాకి వెంట వచ్చినవాడి చేతికిచ్చి కత్తి తీసుకుని పరుగెత్తేవాడట. ప్రాణం ఉంటే బిస్మిల్లా అని జబహ్. పోయి ఉంటే ముట్టుకునేవాడు కాదు, తోడొచ్చిన యానాదులకు ఇచ్చేసి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చేవాడు. వాళ్ళే జాడ చూసేవాళ్ళు, వాళ్ళే దారి చూపేవాళ్ళు, మా ఇంటి గొప్పల్లో వాళ్ళ పేరు మాత్రం ఎవరూ చెప్పరు. అది వేరే రాయాలి.

దాదాకు ఒక దస్తూర్ ఉండేది. మూడు రాత్రులే. దొరికినా, దొరకకపోయినా, నాలుగో రోజు పొద్దున ఇంటి దారి. అడుగుజాడ తాజాగా కనబడినా తిరిగి వచ్చేవాడని మా అబ్బా చెప్పేవాడు. పది, పదిహేను రోజులు నాగా. ఆ రోజుల్లో వేరుశనగ చేను, దుకాణం, పిల్లలు. "అడివికి మన మొహం మొత్తకముందే ఇల్లు చేరాలి" అనేవాడట. చిన్నప్పుడు నాకిది సోమరితనంలా అనిపించింది. ఇప్పుడు చూస్తే ముసలి వయసు దాకా ఆ షౌక్ ఆయనలో ఎందుకు ఆరిపోలేదో తెలుస్తోంది. కానూన్ వచ్చిన రోజు తుపాకి నూనె పెట్టి దాచుకున్నాడు కానీ కొండ మీదికి నడవడం మానలేదు. ఒట్టి చేతులతో పోయి దుప్పులను చూసి వచ్చేవాడు.

సీజన్ పొడుగు కావడం వల్ల మనిషి అలసిపోడు. ప్రతిరోజూ చివరి రోజే అన్నట్టు పరుగెత్తడం వల్ల అలసిపోతాడు. మనకు రమ్జాన్ తెలియనిదా? మొదటి అష్రాలో తరావీహ్‌కు మస్జిద్ వాకిలి దాకా సఫ్‌లు. రెండో అష్రాకు సగం. మూడో అష్రాలో, ఖద్ర్ రాత్రి వెతుక్కోవలసిన రోజుల్లో, బజారులో చెప్పుల దుకాణం దగ్గర ఉంటాం. మొదటి మూడు రోజుల్లో సహరీ దాకా మేలుకుని ఉబలాటపడినవాళ్ళే ముందు జారిపోవడం నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. నేనూ వాళ్ళలో ఒకడిగా ఉన్నాను, దాచడం ఎందుకు.

మస్జిద్‌లో రెండు స్తంభాల మధ్య కట్టిన తాడు కథ గుర్తుందా? హజ్రత్ జైనబ్ రజియల్లాహు అన్హా రాత్రి నమాజ్‌లో అలసిపోతే పట్టుకోవడానికి కట్టుకున్నారు. రసూలుల్లాహ్ చూసి విప్పేయమన్నారు. హుషారు ఉన్నంతసేపు చదవండి, అలసిపోతే కూర్చోండి అన్నది ఆ మాట సారం. నమాజ్‌లోనే తాడు పట్టుకుని వేలాడొద్దన్నప్పుడు, జింక కోసం చెట్టుకు పట్టీ కట్టుకుని వేలాడటం ఏం న్యాయం అని అడిగాను. (పట్టీ మాత్రం విప్పొద్దని వెంటనే చెప్పాను. వీడు మాట పట్టుకుంటాడు.) మన శరీరానికి, కంటికి, భార్యకు మన మీద హఖ్ ఉందన్న హదీస్ కూడా వాడికి తెలుసు. నాకన్నా బాగా తెలుసు. తెలియకపోవడం కాదు వాడి కష్టం.

"నీ ఫ్రీజర్‌లో ఏముంది?" అని అడిగాను. ఏమీ లేదన్నాడు. అక్టోబర్ నుంచి ఆడ జింకలు ఎన్నిసార్లు కింద నుంచి పోయాయి? పది, పన్నెండు సార్లు. లైసెన్సులో వాటికి ఇజాజత్ ఉందా? ఉంది. మరి? పెద్ద కొమ్ముల పోతు కోసం వదిలేశాడట. ఇక్కడ దొరికింది నాకు. విల్లు పట్టింది హలాల్ గోష్త్ కోసం. ఎప్పుడో తెలియకుండానే అది కొమ్ముల కోసం అయిపోయింది. గోష్త్‌కు ఒక హద్దు ఉంటుంది, ఒక జింక కోస్తే ఇరవై కిలోల ఎముకలేని మాంసం వస్తుంది, నలుగురి ఇంటికి నెలలు సరిపోతుంది. కొమ్ములకు హద్దు ఎక్కడ? ఎనిమిది కొనలది దొరికితే పది కొనలది కావాలి. దీన్నే మన పెద్దలు హిర్స్ అన్నారు. హిర్స్ ఉన్నవాడికి 93 రోజులు కాదు, సంవత్సరమంతా సీజన్ పెట్టినా చాలదు.

మానెయ్యమని చెప్పలేదు. మా చెల్లెలికి అది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. కానీ మనసు విరిగిన రోజు మానిపిస్తే మనిషి ఓడిపోయి మానతాడు. వచ్చే ఏడు ఇంకోదాని వెంట పడతాడు. పది రోజులు విల్లు ముట్టొద్దన్నాను, దాదా లెక్కన. అప్పుడు నవంబర్ నడుస్తోంది, తుపాకుల రోజులు మొదలయ్యాయి, జింకలు బెదిరి ఉంటాయి, పోయేది కూడా ఏమీ లేదు. నిద్రపోమన్నాను. ఆ గ్రూపులోంచి బయటికి రాకపోయినా చప్పుడు ఆపెయ్యమన్నాను. తర్వాత పోయినా వారానికి రెండుసార్లే, అదీ గాలి చూసుకుని. గాలి తప్పుగా ఉన్న రోజు పోవడం పట్టుదల కాదు, మూర్ఖత్వం. ఏ రెండు రోజులు అన్నది బహూతో మశ్వరా చేసి క్యాలెండర్ మీద ముందే రాసుకోవాలి. వచ్చే ఏడు అక్టోబర్‌ను దాదాపు వదిలేసి నవంబర్ మొదటి వారానికి సెలవు దాచుకోమన్నాను. అసలు కదలిక ఉన్న వారానికి తాజాగా ఉన్నవాడే లాభపడతాడు, ఇందులో దీన్, దునియా రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఫజ్ర్ వఖ్త్ కాగానే కారు పక్కన చదువుకుని అడివిలోకి నడిస్తే వేట వేళకు ఇంకా సమయం ఉంటుంది, వాడే లెక్క వేసి చూశాడు.

ఒక ఆదివారం విల్లు లేకుండా పాపను తీసుకుపోయి అడుగుజాడలు చూపించమన్నాను. ఇది చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

డిసెంబర్ 20 దాటాక మళ్ళీ ఫోన్. ఈసారి వీడియో. వంటింట్లో ఉన్నాడు, వెనక కిటికీలో మంచు. మంచు పడ్డ మర్నాడు సాయంత్రం ఒక ఆడ జింక పద్దెనిమిది గజాల్లో నిలబడిందట. మూడు భాగాలు చేసి ఒకటి పక్కింటి తెల్ల ముసలాయనకు, ఒకటి మస్జిద్‌లో పంచాడు. సీజన్ ఇంకా పన్నెండు రోజులు ఉంది కదా, పోతావా అని నేను అడగలేదు. విల్లు గోడకు తగిలించి ఉండటం వెనకాల కనబడింది. బహూ పక్కనే నిలబడి ఉల్లిపాయలు కోస్తోంది. పాప మంచులో చూసిన జింక అడుగు ఎంత ఉందో వేళ్ళు చూపించింది.

వాడికి కావలసింది సలహా కాదు ఈసారి. దుప్పి గోష్త్ మన ఇంట్లో ఎట్లా వండేవాళ్ళు? అది గుర్తున్నది ఒక్క మా ఫుఫూకే. ఎనభై దాటింది, చెవులు సరిగ్గా వినబడవు. ఫోన్ ఆమె ముందు పెట్టి గట్టిగా అరిచి చెప్పాను. ఏ కొండ దుప్పి అని అడిగింది. అమెరికా అన్నాను. అదెక్కడి కొండ అంది. తర్వాత తెర వైపు వంగి, "బిస్మిల్లా చెప్పినావా రే?" అని అడిగింది.

"చెప్పినా, దాదీ."

"అయితే రాసుకో. పచ్చి బొప్పాయి తొక్కతో సహా నూరు. కొవ్వు ఉండదు దానికి, నూనె ఎక్కువ పోయాల. మంట పెంచొద్దు. రెండు గంటలైనా పడతాది, మధ్యలో మూత తీసి తీసి చూడొద్దు."